రిహార్సల్ టైమ్ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా: అసోసియేషన్ క్యాలెండర్ సంగతి తేల్చుకుందాం

సమన్వయం:
అందరికీ నమస్కారం. శనివారం రిహార్సల్ 4 గంటల నుంచి 5:30కి మార్చామని మంగళవారం నాడే అసోసియేషన్ గూగుల్ క్యాలెండర్‌లో పెట్టాం. అయినా డాన్స్ టీమ్‌లో చాలామంది 4 గంటలకే వచ్చి, తాళం వేసిన హాల్ ముందు పిల్లలతో నిలబడ్డారు. సౌండ్ టీమ్‌లో ఒకరికి అసలు ఆ ఎంట్రీయే లేదట, ఇంకొకరికి రెండుసార్లు కనిపిస్తోందట. ప్రతి మార్పూ మళ్ళీ గ్రూప్‌లో చెప్పుకుంటూ పోతే అది శుభోదయం మెసేజ్‌ల కింద పడి ఎవరికీ దొరకదు. ఎవరి ఫోన్‌లో ఏం కనిపిస్తోందో ఇక్కడ రాయండి. టెక్ పని చూస్తున్న తమ్ముడు జవాబిస్తాడు.

టెక్:
ముందు ఒక్క పని చేయండి. యాప్ జోలికి పోకండి. బ్రౌజర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, ఫోన్‌లో వాడే జీమెయిల్‌తోనే లాగిన్ అయి శనివారం చూడండి. అక్కడ 5:30 అని ఉండి ఫోన్‌లో 4 అని ఉంటే తేడా ఫోన్‌లో ఉంది. బ్రౌజర్‌లోనూ 4 అనే ఉన్నా, అసలు ఎంట్రీయే లేకపోయినా, ఫోన్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. క్యాలెండర్ మీదాకా వచ్చిన దారిలోనే తేడా ఉంది. ఇది తేల్చుకోకుండా యాప్ తీసేసి మళ్ళీ వేసుకోవడం ఉత్త శ్రమ.

డాన్స్ టీమ్:
బ్రౌజర్‌లో కూడా 4 అనే ఉంది తమ్ముడూ. మేమందరం పోయిన నెల గ్రూప్‌లో వచ్చిన ఫైల్ నొక్కి యాడ్ చేసుకున్నాం.

టెక్:
అదే అసలు కారణం అక్కా. అది ఐసీఎస్ ఫైల్, అంటే క్యాలెండర్ ఎంట్రీలు నింపి పంపే ఫైల్. దాన్ని ఇంపోర్ట్ చేస్తే ఆ రోజుకి తీసిన జెరాక్స్ మీ దగ్గర ఉన్నట్టు. ఇక్కడ అసలు కాగితం మీద ఎన్ని దిద్దినా జెరాక్స్ మారదు. ఆ తర్వాత ఎవరైనా క్యాలెండర్ కూడా షేర్ చేసి ఉంటే, పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండుసార్లు వస్తోందన్నవాళ్ళు చూసుకోండి, చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఫైల్ ద్వారా వచ్చినవి చేత్తో తీసేయాల్సిందే. తీసేముందు ఎంట్రీ తెరిచి అది ఏ క్యాలెండర్‌లో ఉందో చూడండి. మీ పేరు లేదా మీ మెయిల్ ఐడీ కింద ఉంటే తీసేయొచ్చు. అసోసియేషన్ పేరు కింద ఉంటే ముట్టుకోకండి. మార్చే అనుమతి ఉన్నవాళ్ళు దాన్ని తీసేస్తే అందరి ఫోన్లలోనూ పోతుంది.

కొందరు లింక్ పెట్టుకుని సబ్‌స్క్రైబ్ చేశారు. అది ఫైల్ కంటే నయం, మార్పులు వస్తాయి. కానీ ఆ లింక్‌ని గూగుల్ తన వీలును బట్టి మళ్ళీ చదువుతుంది. మార్పు కనిపించడానికి 12 గంటల దాకా పట్టొచ్చని గూగుల్ సహాయ పేజీలోనే ఉంది. పొద్దున మార్చిన టైమ్ సాయంత్రానికి అందకపోతే మనకేం ఉపయోగం? సెలవుల జాబితాలాంటి వాటికి చాలు, రిహార్సల్స్‌కి పనికిరాదు.

అందుకని అందరూ మీ మీ టీమ్ లీడ్‌కి జీమెయిల్ ఐడీ ఇవ్వండి. నేను నేరుగా షేర్ చేస్తాను. మెయిల్ వస్తుంది, అందులో ఉన్న యాడ్ లింక్ నొక్కితేనే మీ జాబితాలోకి చేరుతుంది. మెయిల్ చూసి ఊరుకుంటే రాదు. ఇంకో మాట, సీక్రెట్ అడ్రస్ అని ఉండే లింక్‌ని ఎవరూ గ్రూపుల్లో పెట్టొద్దు. అది చేతిలో ఉన్న ఎవరికైనా పిల్లల పికప్ వివరాలతో సహా మొత్తం కనిపిస్తుంది.

సౌండ్ టీమ్:
షేర్ మెయిల్ నాకు ముందే వచ్చింది, యాడ్ కూడా చేశాను. బ్రౌజర్‌లో ఉంది, గూగుల్ యాప్‌లోనూ ఉంది. ఐఫోన్‌తో వచ్చే క్యాలెండర్‌లో మాత్రం లేదు. నా ఆఫీసు మీటింగ్‌లన్నీ అందులోనే ఉంటాయి, రెండు యాప్‌లు చూడటం నా వల్ల కాదు.

టెక్:
రెండు అక్కర్లేదండి. ఇతరులు షేర్ చేసిన గూగుల్ క్యాలెండర్లు ఐఫోన్ సొంత క్యాలెండర్‌లోకి వాటంతట అవి రావు. బ్రౌజర్‌లో క్యాలెండర్ డాట్ గూగుల్ డాట్ కామ్ స్లాష్ క్యాలెండర్ స్లాష్ సింక్‌సెలెక్ట్ అనే పేజీ తెరిస్తే మీ క్యాలెండర్ల జాబితా వస్తుంది. అసోసియేషన్ పేరు పక్కన టిక్ పెట్టి సేవ్ చేయండి. ఎక్కడో మారుమూల పేజీ ఇది, చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత ఫోన్‌లో ఫెచ్ న్యూ డేటా చూడండి, కొత్త మార్పులు ఎప్పుడెప్పుడు తెచ్చుకోవాలో చెప్పే సెట్టింగ్ అది. ఐఓఎస్ (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) 18 గానీ ఆ తర్వాతది గానీ అయితే సెట్టింగ్స్‌లో యాప్స్, క్యాలెండర్, క్యాలెండర్ అకౌంట్స్ కింద ఉంటుంది. అంతకుముందు వాటిలో క్యాలెండర్ కింద అకౌంట్స్‌లో ఉంటుంది. అక్కడ ఆటోమేటిక్ అని ఉంటే, ఛార్జింగ్ పెట్టి వైఫైలో ఉన్నప్పుడే బ్యాక్‌గ్రౌండ్‌లో డేటా తెచ్చుకుంటుంది. రోజంతా బయట తిరిగేవాళ్ళకి రాత్రి దాకా పాత టైమే కనిపించేది అందుకే. 15 నిమిషాలు పెట్టుకోండి. ఈమధ్య జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి ఉంటే అదే అకౌంట్స్ పేజీలో మళ్ళీ లాగిన్ అడుగుతుందేమో కూడా చూడండి.

హాల్ ఏర్పాట్లు:
నాది ఉల్టా సమస్య. హాల్ తాళాల టైమ్ నేనే పెట్టాను. నా ఫోన్‌లో చక్కగా ఉంది, ఇంకెవరికీ లేదు.

టెక్:
ఎంట్రీ తెరిచి కింద క్యాలెండర్ పేరు చూడండి బాబాయ్. ఫోన్ కంపెనీ సొంత క్యాలెండర్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో కొత్త ఎంట్రీ ఫోన్‌లోనే సేవ్ అయిపోవచ్చు, ఏ అకౌంట్‌కీ వెళ్ళదు. ఐఫోన్‌లో అయితే డిఫాల్ట్ క్యాలెండర్ ఐక్లౌడ్ (ఆపిల్ సొంత అకౌంట్) అయి ఉంటే అక్కడికి పోతుంది. సేవ్ చేసేముందు అసోసియేషన్ క్యాలెండర్ ఎంచుకోవాలి. ఆ జాబితాలో అసోసియేషన్ పేరే లేకపోతే మీకు చూసే అనుమతి మాత్రమే ఉందన్నమాట. చెప్పండి, మార్చే అనుమతి ఇస్తాను.

రవాణా:
నాకు యాప్ తెరిచి కిందికి లాగితేనే కొత్తవి వస్తున్నాయి. లేకపోతే నిన్నటివే.

టెక్:
బ్యాటరీ సేవర్ గానీ డేటా సేవర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి అన్నా. అవి ఉంటే బ్యాక్‌గ్రౌండ్ సింక్, అంటే యాప్ తెరవకుండానే కొత్తవి తెచ్చుకోవడం, ఆగిపోవచ్చు. లేకపోతే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి, మీ జీమెయిల్ కింద అకౌంట్ సింక్‌లో క్యాలెండర్ ఆన్ చేయండి. గూగుల్ క్యాలెండర్ యాప్ సెట్టింగ్స్‌లో అసోసియేషన్ పేరు నొక్కితే అక్కడా ఒక సింక్ బటన్ ఉంటుంది, అదీ ఆన్‌లో ఉండాలి. ఫోన్‌లో జాగా నిండిపోయినా ఇదే గొడవ. యాప్ దాచుకున్నదంతా చెరిపేసే క్లియర్ స్టోరేజ్ మాత్రం అన్నిటికన్నా చివర. ఇంకా సింక్ కాని ఎంట్రీలు ఉంటే అవి దాంతోపాటే పోతాయి.

పాటల టీమ్:
మా ఆన్‌లైన్ ప్రాక్టీస్‌లో గాత్రం గురువుగారు ఇండియాలో ఉన్నారు, వయొలిన్ అమ్మాయి అవతలి ఖండంలో ఉంది. చలికాలానికి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి మారాక గురువుగారికి గంట తేడా వస్తుందా?

టెక్:
వస్తుందండి. యూరప్‌లో గడియారం అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి వెళ్తుంది, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. ఇండియాలో మార్పే లేదు. మధ్యలో ఉండే ప్రాక్టీస్‌కి ముగ్గురి లెక్కా వేరు. ప్రాక్టీస్ మన టైమ్ జోన్‌లో పెట్టి ఉంటే, మనకి మారాక గురువుగారికి గంట ఆలస్యంగా చూపిస్తుంది. ఆవిడ టైమ్ కదలకూడదంటే ఎంట్రీకి కోల్‌కతా టైమ్ జోన్ పెట్టండి, అప్పుడు మనకే గంట ముందుగా వస్తుంది. పెద్దావిడని రాత్రి పొద్దుపోయే దాకా కూర్చోబెట్టడం కంటే మనం సర్దుకోవడమే మర్యాద. ఎంట్రీ పేరులో మాత్రం "7 గంటలకి ప్రాక్టీస్" అని రాయకండి. టైమ్ గడిలో వేసింది ఎవరి ఫోన్‌లో వాళ్ళ టైమ్‌కి మారుతుంది, పేరులో రాసింది మారదు.

డాన్స్ టీమ్:
నేను ఎంట్రీలో గంట ముందు రిమైండర్ పెడితే పిల్లల తల్లిదండ్రులందరికీ మోగుతుందా?

టెక్:
మోగదక్కా, మీకొక్కరికే. ఎవరి నోటిఫికేషన్ వాళ్ళు పెట్టుకోవాల్సిందే. క్యాలెండర్ సెట్టింగ్స్‌లో అసోసియేషన్ పేరు కింద ఒక్కసారి పెట్టుకుంటే దాని ఎంట్రీలన్నిటికీ వర్తిస్తుంది.

సమన్వయం:
సరే, ఇలా చేద్దాం. ఫైల్ పంపడం ఈరోజుతో బంద్. టైమ్ మార్చేది టీమ్ లీడ్‌లు మాత్రమే, మిగతావాళ్ళకి చూసే అనుమతి చాలు. జీమెయిల్ ఐడీలు టీమ్ లీడ్‌కి విడిగా పంపండి, ఇక్కడ రాయొద్దు. బుధవారం రాత్రి 9 గంటలకి తమ్ముడు ఒక పరీక్ష ఎంట్రీ పెట్టి, పావుగంటకి దాని టైమ్ మారుస్తాడు. 10 గంటలకి మీ ఫోన్‌లో ఏ టైమ్ కనిపిస్తోందో ఇక్కడ రాయండి, ఐఫోనా ఆండ్రాయిడా అన్నది కూడా. మారిన టైమ్ రానివాళ్ళు గురువారం ఫోన్ పట్టుకుని రిహార్సల్‌కి అరగంట ముందు రండి, తమ్ముడు అక్కడే చూస్తాడు. ఫోన్‌లో క్యాలెండర్ వాడని పెద్దవాళ్ళకి మార్పులు కాల్ చేసి చెప్పే బాధ్యత రవాణా టీమ్‌ది. ఎలాగూ కార్లలో తీసుకొచ్చేది వాళ్ళే.