వానలో నాలుగు ఇండికేటర్లు వేసుకుని బండి నడపొచ్చా?

పటమట వాసి:
మొన్న ఆదివారం సాయంత్రం గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాం. పెదకాకాని దాటగానే వాన మొదలైంది. కాజ టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి వైపర్లు ఫుల్ స్పీడులో కొడుతున్నా ముందేముందో కనపడలేదు. మా ముందున్న కార్లు ఒకదాని వెనక ఒకటి నాలుగు ఇండికేటర్లు వేసేశాయి. నేనూ వేశాను. పక్కన కూర్చున్న మా బావగారు "ఆపెయ్యి, అది బండి ఆగిపోయినప్పుడు వేసేది" అన్నారు. నేను వినలేదు.

మంగళగిరి దగ్గర, ఎడమ లేన్‌లో నాలుగూ వెలుగుతూ పోతున్న ఒక కారు ఉన్నట్టుండి నా ముందుకు వచ్చేసింది. నేను గట్టిగా బ్రేక్ కొట్టాను. వెనక సీట్లో పాపకు నుదురు తగిలింది. దేవుడి దయవల్ల దెబ్బేమీ కాలేదు. ఇంటికొచ్చాక తట్టింది: ఆయన ఇండికేటర్ వేసే ఉంటాడేమో, నాలుగూ కలిసి వెలుగుతుంటే నాకెలా తెలుస్తుంది? అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు చెప్పండి. వానలో వేయడం తప్పా, ఒప్పా?

గుంటూరు ట్రాన్స్‌పోర్ట్:
వేయాలండీ. నాది లారీల వ్యాపారం. మిర్చి సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నిండా వేసుకుని మా బళ్లు వైజాగ్ వైపు, కలకత్తా వైపు పోతాయి. లోడు బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 20, 25కు పడిపోతుంది. వెనక వచ్చే కారు 100లో ఉంటుంది. వాన పడుతుంటే ముందున్న లారీ అంత నెమ్మదిగా పోతోందని ఆ కారతనికి దగ్గరికొచ్చేదాకా తెలీదు. తెలిసేసరికి బ్రేక్ వేసినా బండి ఆగదు. అలా వెనక నుంచి దూరిపోయిన కారును నా కళ్లతో చూశాను, ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. అందుకే మా డ్రైవర్లందరికీ ఒకటే మాట చెప్తాను: కనపడకపోతే నాలుగూ వేసేయండి. ఎర్ర లైటు వానలో కలిసిపోతుంది, టపటపా కొట్టుకునే పసుపు లైటు కనపడుతుంది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
పటమట వాసి గారూ, మీ అనుమానం నిజమే. ఆ ఎర్ర త్రికోణం బటన్ నొక్కితే చాలా కార్లలో ఇండికేటర్ లివర్ ఎటు తిప్పినా ఫలితం ఉండదు. నాలుగూ కలిసే వెలుగుతాయి. ఆయన పద్ధతిగా లివర్ వేసినా మీకు కనపడదు. ఇంకొకటి కూడా జరుగుతుంది. పసుపు లైటు పక్కనే కొట్టుకుంటూ ఉంటే బ్రేక్ లైటు వెలిగిన క్షణం వెనకవాడి కంటికి చటుక్కున ఆనదు. అందరూ వేసుకుని పోతుంటే నిజంగా ఆగిపోయిన బండి ఏదో, నడుస్తున్న బండి ఏదో తేడా తెలీదు. వానలో ప్రాణం తీసేది అదే.

అసలు వానలో చేయాల్సింది హెడ్‌లైటు లో-బీమ్‌లో, అంటే వెలుగు కిందికి పడేలా, వేయడం. ముందు దారి కనపడ్డానికి మాత్రమే కాదు, హెడ్‌లైటు స్విచ్ వేస్తేనే వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి కనక. ఇప్పటి కార్లకు ముందు పగటి లైట్లు, డీఆర్‌ఎల్ అంటారు, వాటంతటవే వెలుగుతాయి. వాటిని చూసి మన లైట్లు వెలుగుతున్నాయనుకుంటారు. చాలా మోడళ్లలో డీఆర్‌ఎల్ వెలిగేటప్పుడు వెనక ఒక్క లైటూ వెలగదు. మా షాపుకొచ్చే పది మందిలో తొమ్మిది మందికి ఈ సంగతి తెలీదు. గోడకు వీపు పెట్టి బండి ఆపి, దిగి చూసుకోండి. వెనక ఫాగ్ లైటు ఉన్న కారైతే అలాంటి వానలో, మంచులో అది వేయండి. మామూలు టెయిల్ లైటు కంటే చాలా ప్రకాశంగా ఉంటుంది. వాన తగ్గగానే తీసేయాలి, లేకపోతే వెనకవాడి కళ్లు చెదురుతాయి.

ట్రాన్స్‌పోర్ట్ అన్నగారికి ఒక మనవి. మీ లారీల వెనక లైట్లు బురద పట్టి, పట్టా అంచు వేలాడి సగం కనపడవు. ఎర్ర లైటు కలిసిపోతోందంటే ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి.

గుంటూరు ట్రాన్స్‌పోర్ట్:
తుడవాలన్నది ఒప్పుకుంటాను, మా దగ్గర తప్పుంది. మిగతాది ఒప్పుకోను. కారు లేన్ మారుతుంది కాబట్టి దానికి ఇండికేటర్ కావాలి. నా లోడు బండి ఎడమ అంచు పట్టుకుని పాకుతుంది, లేన్ మారదు. 100లో వచ్చేవాడికి 20లో పోయే లారీ ఆగిన దానితో సమానం కాదా? 100 అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రెండు సెకన్లు ముందు తెలిస్తే బతుకుతాడు. ఆ రెండు సెకన్లు ఇచ్చేది ఆ పసుపు లైటే.

చుట్టుగుంట స్కూటీ:
హైవే సంగతి మీరు తేల్చుకోండి, నేను ఊళ్లో సంగతి చెప్తాను. చౌరస్తాలో సూటిగా పోవాలంటే నాలుగు ఇండికేటర్లు వేయాలని ఎవరు నేర్పారో తెలీదు, డ్రైవింగ్ నేర్పేవాళ్లే అలా చెప్పడం నేను విన్నాను. పోయిన నెల నేను మా చుట్టుగుంట సెంటర్‌లో ఎడమ రోడ్డు నుంచి వచ్చి ఆగి ఉన్నాను. ఒక కారు వస్తోంది. నేను నిలబడ్డ చోటికి దాని ఎడమ ఇండికేటర్ ఒక్కటే కనపడుతోంది, కుడిది బానెట్ అవతల ఉంది. ఎడమకు, నా రోడ్డులోకే తిరుగుతోంది కదా అని నేను కదిలాను. అది సూటిగా వచ్చేసింది. నా ముందు చక్రానికి, ఆ కారుకు మధ్య జానెడు కూడా లేదు. స్కూటీ పడిపోయింది, నా మోచేయి చర్మం లేచిపోయింది. ఆయన దిగి "నాలుగు లైట్లూ వేశాను కదమ్మా, చూసుకోవద్దా" అన్నాడు. ఆయన తప్పుగా అన్నాడని కాదు, నిజంగానే అది సరైన పద్ధతి అని నమ్ముతున్నాడు. నాకు భయం వేసింది అందుకే.

సూటిగా పోయేవాడు ఏ ఇండికేటరూ వేయనక్కర్లేదు. వేయకపోవడమే సూటిగా పోతున్నానని చెప్పడం. మనిషి ఎటు నుంచి చూస్తే అటు పక్కది మాత్రమే కనపడుతుంది. స్కూటీల మీద, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం పక్క నుంచే చూస్తాం. విజయవాడలో చిట్టినగర్ సొరంగంలో కూడా ఇదే వరస, లోపలికి పోగానే నాలుగూ వేస్తారు. హెడ్‌లైటు మాత్రం వేయరు.

తాడేపల్లి ఇంజనీరు:
బయటి దేశాల్లో ఎలా ఉందో చెప్తాను, వాదనకు పనికొస్తుంది. ఇంగ్లండ్ హైవే కోడ్‌లో 116వ నియమం ప్రకారం బండి నడుస్తుండగా ఇవి వేయకూడదు. మోటార్‌వే (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) మీద, లేదా వేగపరిమితి తగ్గించని, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద ముందు ప్రమాదమో అడ్డంకో ఉందని వెనకవాళ్లను హెచ్చరించడానికి మాత్రం వేయొచ్చు, అదీ వాళ్లు గమనించేంత సేపే. అమెరికాలో రాష్ట్రానికో రకం. ఫ్లోరిడాలో 2021 జూలై వరకు నడుస్తూ వేయడం నిషేధం. ఆ తర్వాత 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ వేగపరిమితి ఉన్న రోడ్ల మీద ఏమీ కనపడనంత వానలో, మంచులో అనుమతించారు. కాబట్టి ట్రాన్స్‌పోర్ట్ గారి వాదనను తీసిపారేయలేం.

కొన్ని కొత్త కార్లు ఈ పని వాటంతటవే చేస్తాయి. గంటకు 50 కిలోమీటర్లు దాటిన వేగంలో బాగా గట్టిగా బ్రేక్ పడితే వెనక లైట్లు టకటకా వేగంగా కొట్టుకుంటాయి, బ్రేక్ వదలగానే మానేస్తాయి. నా ఉద్దేశం కూడా అదే. విజయవాడ దగ్గర కృష్ణ మీది వారధి ముందు బళ్లు ఉన్నట్టుండి ఆగిపోయి కనపడితే నేను వేస్తాను. అద్దంలో వెనక కారు నెమ్మదించిందని చూడగానే తీసేస్తాను. ఐదారు సెకన్ల పని. కాజ నుంచి వారధి దాకా వేసుకుని వెళ్తే ఆ లైటుకు విలువే ఉండదు. ఏమీ కనపడనంత వానైతే టోల్‌గేటు పక్కనో పెట్రోల్ బంకులోనో, రోడ్డు దిగి పూర్తిగా లోపలికి ఆపి కూర్చోవడమే. హైవే అంచున ఆపడం మాత్రం వద్దు. తప్పక ఆపాల్సి వస్తే అప్పుడు నాలుగూ వేయండి, డిక్కీలో ఉండే త్రికోణం బోర్డు బాగా వెనక పెట్టండి, కార్లో కూర్చోకుండా రోడ్డుకు దూరంగా నిలబడండి.

గుంటూరు ట్రాన్స్‌పోర్ట్:
కార్ల విషయంలో మీ మాట సరే. సెంటర్లో వేసేవాళ్ల గురించి ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మా డ్రైవర్లలోనూ ఇద్దరు ముగ్గురికి ఆ అలవాటుంది, మాన్పిస్తాను. వెనక లైట్లు తుడిపిస్తాను, ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కొత్తది వేయిస్తాను. ఫ్లైఓవర్ ఎక్కే లోడు బండికి మాత్రం వేయమనే చెప్తాను. దిగాక తీసేయమంటాను.

పటమట వాసి:
అందరికీ నమస్కారం. రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారును గోడకు వీపు పెట్టి ఆపి, ఎలక్ట్రీషియన్ గారు చెప్పినట్టు దిగి చూశాను. ముందు డీఆర్‌ఎల్ బ్రహ్మాండంగా వెలుగుతోంది. వెనక చీకటి. గోడ మీద ఎర్ర మరక కూడా లేదు. ఈ కారు కొని మూడేళ్లయింది. పగటి వానలో నేను ఎన్నిసార్లు పిల్లల్ని ఎక్కించుకుని ఇలా తిరిగానో! బావగారికి ఫోన్ చేసి చెప్పాను, ఆయన తన కారు చూసుకోవడానికి కిందికి దిగారు.