పాయింటర్ కాస్ట్ హెచ్చరికలను ఎర్రర్లు చేసెయ్యాలా?

బిట్‌బాబు:
మా ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే సీ కోడ్) బిల్డ్‌లో కాస్ట్ వార్నింగులన్నీ, అంటే పాయింటర్ (మెమరీ అడ్రసు) రకాన్ని బలవంతంగా మార్చినప్పుడు కంపైలర్ ఇచ్చే హెచ్చరికలన్నీ, ఎర్రర్లు చేసేద్దామని టీమ్‌లో ఒకరు పట్టుబట్టారు. నేను ససేమిరా అంటున్నా. చిప్ హార్డ్‌వేర్‌ని నడిపే రిజిస్టర్ అడ్రసంటేనే ఒక అంకె. దాన్ని పాయింటర్‌గా మార్చకుండా లో-లెవెల్ కోడ్ రాసేదెలా?

స్టాక్‌స్వామి:
రిజిస్టర్ల దగ్గర పెద్ద గొడవేం లేదండీ. 32 బిట్ చిప్‌కి కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ అక్కడ కిమ్మనదు. అదే ఫైల్‌ని టెస్టుల కోసం 64 బిట్ లాప్‌టాప్ మీద కంపైల్ చేస్తే, అడ్రసు 32 బిట్ వేరియబుల్‌లో ఉన్నచోట సైజు తేడా ఉందని అరుస్తుంది. అడ్రసుని సీ99 ప్రమాణంలో వచ్చిన యుఇంట్‌పీటీఆర్_టీలో (పాయింటర్ పట్టేంత అంకె రకం) పెట్టుకుంటే ఆ అరుపూ ఆగిపోతుంది.

అసలు తంటా అలైన్‌మెంట్‌తో, అంటే 4 బైట్ల అంకె 4తో భాగించబడే అడ్రసులో ఉండాలన్న నియమంతో. నా ఘనకార్యం ఒకటి చెప్తా. ప్యాకెట్‌లో మొదటి బైట్ రకం, తర్వాత 4 బైట్లు కౌంటర్. బఫర్ ప్లస్ 1ని యుఇంట్32 (4 బైట్ల అంకె) పాయింటర్‌గా కాస్ట్ చేసి చదివేశా. చిప్ బిల్డ్‌లో కాస్ట్-అలైన్ వార్నింగ్ వస్తే మధ్యలో వాయిడ్ స్టార్ (ఏ రకమూ చెప్పని పాయింటర్) దూర్చి దాని నోరు నొక్కేశా. లాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్! కార్టెక్స్-ఎం0 (చిన్న ఏఆర్‌ఎం ప్రాసెసర్) బోర్డు మీద మొదటి ప్యాకెట్‌కే హార్డ్‌ఫాల్ట్, ప్రోగ్రామ్ అక్కడే పడిపోయింది. 4తో భాగించబడని అడ్రసు నుంచి 32 బిట్లు ఒకేసారి లోడ్ చేయడం ఆ కోర్‌కి రాదు. రెండు రోజులు తవ్వితే తేలింది ఆ వాయిడ్ దగ్గరే.

గుంజ:
లినక్స్ కెర్నల్‌నే నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్ ఫ్లాగ్‌తో కంపైల్ చేస్తారు కదా, మనకెందుకీ మడి?

స్టాక్‌స్వామి:
అది ఎలియాసింగ్ సంగతి, అంటే ఒకే మెమరీని వేర్వేరు రకాల పాయింటర్లతో చూడటం. ఆ ఫ్లాగ్ పెట్టినా ఎం0 పడిపోయేది పడిపోతుంది.

బిట్‌బాబు:
స్వామిగారూ, మీ కథ నా వాదనకే బలం. వార్నింగ్‌కే మీరు వాయిడ్ దూర్చారు, ఎర్రరైతే అందరూ అదే పని చేస్తారు. జీసీసీ 14 నుంచి పొసగని పాయింటర్లను కాస్ట్ లేకుండా అప్పగిస్తే అది మామూలుగానే ఎర్రర్. దానికి జనం చేసేదేంటి? కళ్ళు మూసుకుని ఓ కాస్ట్ తగిలించడమే.

స్టాక్‌స్వామి:
నిజమే, కాదనను. అందుకే రివ్యూలో నేను ముందు చూసేది వాయిడ్ మీదుగా వెళ్ళే కాస్టులే. బైట్ల నుంచి అంకె తీయడానికి మెమ్‌కాపీతో (బైట్లను ఉన్నవున్నట్టు కాపీ చేసేది) ఒకే ఒక చిన్న ఫంక్షన్ పెట్టుకున్నాం, అందరూ దాన్నే పిలవాలి. ఎక్స్86లో (లాప్‌టాప్ ప్రాసెసర్) ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే అది ఒక్క లోడ్‌గా మారిపోతుంది. ఒక్క జాగ్రత్త: మెమ్‌కాపీకి బైట్ పాయింటర్నే ఇవ్వాలి. ముందే యుఇంట్32కి కాస్ట్ చేసి ఇస్తే అలైన్‌మెంట్ సరిగ్గానే ఉందని కంపైలర్ నమ్మేస్తుంది, మళ్ళీ మొదటికే వస్తాం.

లాప్‌టాప్ బిల్డ్‌కి కాస్ట్-అలైన్‌లో స్ట్రిక్ట్ రకం పెట్టండి, జీసీసీ 8 నుంచి ఉంది. మామూలుది ఎక్స్86 మీద నోరెత్తదు.

బిట్‌బాబు:
సరే. కాస్ట్-అలైన్, అంకె నుంచి పాయింటర్ మార్పు, ఈ రెండూ ఎర్రర్లు చేస్తాం. కాస్ట్-క్వాల్ (మార్చకూడదనే కాన్‌స్ట్ గుర్తుని తీసేసే కాస్ట్ మీద వచ్చేది) మాత్రం వార్నింగే. కాన్‌స్ట్ లేకుండా క్యార్ స్టార్ అడిగే పాత ఫంక్షన్లు మా దగ్గర బోలెడున్నాయి. వెండర్ హెడర్ల వార్నింగులు రాకుండా వాటిని ఐసిస్టమ్ ఆప్షన్ కింద పడేస్తా. ఆ మెమ్‌కాపీ ఫంక్షన్ పేరేం పెట్టారు మీరు?