తడి టూ బై ఫోర్‌తో కోళ్ల గూడు చట్రం: అడ్డపట్టీలను ఎంతకు కోయాలి?

టెక్సాస్‌లోని మా ఇంటి పెరట్లో ఆరు కోళ్లకు గూడు కడుతున్నాను. 48 అంగుళాల వెడల్పు, 96 అంగుళాల పొడవు గల ప్లైవుడ్ పలక అడుగున సరిగ్గా కూర్చునేలా టూ బై ఫోర్ (పేరు ప్రకారం రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు) చెక్కలతో చట్రం వేశాను. పేరును నమ్మి ఒక్కో చెక్క మందం రెండు అంగుళాలని లెక్కవేసి, పొడవాటి చెక్కల మధ్య వచ్చే ఐదు అడ్డపట్టీలను 44 అంగుళాలకు కోయగా, చట్రం వెడల్పు 47 అంగుళాలే వచ్చి, పలక రెండు వైపులా అర అంగుళం చొప్పున బయటికి వచ్చింది. సరుకు తప్పేమోనని రెండు చెక్కలు మార్చి తెచ్చినా టేపు ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే చూపింది. ఆరబెట్టి చిత్రిక పట్టాక మిగిలే కొలత అదేనని అప్పుడు గానీ తెలియలేదు. రెండూ నాలుగూ పేరుకే అన్నమాట.

నేలకు దగ్గరగా ఉంటుంది కనుక, ఈసారి చెద పట్టకుండా మందు ఎక్కించిన చెక్క తెచ్చాను. అది ఇంకా తడిగా ఉంది; మేకు దించితే చుట్టూ నీరు ఊరుతోంది. మందం ఒకటిన్నర అంగుళాల పైన 1/16 అంగుళం ఎక్కువ ఉంది. రెండు రోజులు ఎండలో గోడకు ఆనించి చూస్తే ఒక చెక్క మెలి తిరిగింది, కాబట్టి ఆరేదాకా ఆగకుండా తడి మీదే బిగించదలిచాను.

అలాంటప్పుడు అడ్డపట్టీలను ఆరిన తర్వాతి మందాన్ని బట్టి 45 అంగుళాలకు కోయాలా, ఇప్పటి మందాన్ని బట్టి 44 7/8 అంగుళాలకు కోయాలా?