వీసీఆర్‌లో రికార్డు చేసిన దూరదర్శన్ కార్యక్రమం: ఏ రిజల్యూషన్ పెట్టాలి?

ప్రశ్న (కాకినాడ):
నమస్కారమండీ. మా నాన్నగారు బుర్రకథ చెప్పేవారు. 1991లో ఆయన దళం హైదరాబాద్ దూరదర్శన్‌లో కథ చెబితే మా పెద్దమ్మ వాళ్లు వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఎక్కించారు. ఆ క్యాసెట్ ఒక స్టూడియోలో ఇస్తే ఫుల్ హెచ్‌డీ అని 1920×1080 ఫైలు చేతిలో పెట్టారు. నాన్న మొహం అడ్డంగా సాగిపోయింది. తంబురా మీటుతూ ఆయన గిర్రున తిరిగినప్పుడల్లా ఒంటి చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు. ఇప్పుడు నేనే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొన్నాను. అందులో 352×288, 640×480, 720×576 ఉన్నాయి. ఏది పెట్టాలి? నాన్నగారి కదలిక ఉన్నది ఈ ఒక్క క్యాసెట్‌లోనే, అందుకే టెన్షన్.

జవాబు (వరంగల్):
720×576 పెట్టండి, మరోటి వద్దు. అప్పటి మన టీవీ ప్రసారాలది పాల్ పద్ధతి: కనిపించే గీతలు 576, సెకనుకి 50 ఫీల్డులు (అంటే సగం బొమ్మలు). ఒక ఫీల్డులో సరి గీతలు, తర్వాతి దాంట్లో బేసి గీతలు. 640×480 పెడితే ఆ 576 గీతలు కుదించుకుపోయి రెండు ఫీల్డులూ కలిసిపోతాయి. స్టూడియో ఫైలులో జరిగిందీ దాదాపు ఇదే, ఫీల్డులు విడదీయకుండానే సాగదీశారు. దాన్ని బాగుచేయాలని కూర్చోకండి, మళ్లీ క్యాసెట్ దగ్గరికే వెళ్లండి. 352×288లో సగం ఫీల్డులు పోతాయి, నాన్నగారి చిందులో సగం కదలిక పోయినట్టే.

వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి, ఉండే వివరం సుమారు 240 గీతలే (576 అన్నది పైనుంచి కిందికి లెక్క). 1080 చేసినంత మాత్రాన కొత్తగా వచ్చేదేమీ లేదు.

క్యాప్చర్ హఫ్‌వైయూవీలో (నాణ్యత పోకుండా దాచే ఫార్మాట్) చేయండి. గంటకి పదుల జీబీ పడుతుంది, పడనివ్వండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ (ఫీల్డులు విడదీయడం) కింద, ఒక్కో ఫీల్డునీ ఒక ఫ్రేముగా చేసే బాబ్ ఎంచుకుని ఫ్రేమ్ రేటు 50 ఉంచండి. చాలామంది 25 పెట్టేస్తారు, గిరికీలు కొట్టే మనిషికి అది అన్యాయం. చివర్లో 768×576 చేస్తే 4:3 నిష్పత్తి సరిగ్గా వస్తుంది. క్యాసెట్‌లో దూరదర్శన్ చిహ్నం ఉంటే దాని మధ్య చుక్క గుండ్రంగా ఉందో లేదో చూసుకోండి. అడుగున వణికే నాలుగైదు గీతలు వీసీఆర్‌లో టేపు చదివే హెడ్ మారేచోట వచ్చేవి, కత్తిరించేయొచ్చు.

అన్నట్టు, టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి. ముందు శుభ్రం చేయించాలి.

ప్రశ్న అడిగినవారు:
బూజు లేదండీ, చూశాను. మా అక్క వాళ్లు అమెరికాలో ఉన్నారు, యూట్యూబ్‌లో పెట్టమంటున్నారు. అక్కడా 768×576 చాలా?

జవాబు (బెంగళూరు):
యూట్యూబ్‌కి మాత్రం పెంచాల్సిందే. 720పీ కంటే తక్కువైతే సెకనుకి 50 ఫ్రేములు ఇవ్వదు, సగం చేసేస్తుంది. డీఇంటర్లేస్ అయ్యాకే 1440×1080కి పెంచి ఎక్కించండి. 1920 వద్దు, పక్కల నల్లపట్టీలు యూట్యూబే వేసుకుంటుంది. ఇది చూపించడానికి చేసే కాపీ. హఫ్‌వైయూవీ ఫైలు మాత్రం రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి ఈసారి అక్కగారు వచ్చినప్పుడు ఆవిడతో పంపండి.