వత్తులు చెదిరిపోతున్నాయి, పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి. ఎవరైనా సాయం చేయండి

మస్కట్ మేడగది:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదిన్నర. 9 ఏళ్లు మస్కట్‌లో ఉండి మొన్న ఆగస్టులో ఇంటికొచ్చేశాను. 14 కథలతో 'ప్రవాస కథల సంకలనం' వేసుకుంటున్నాను. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి అందాలి. దాని వెనకే నవల, వేసవికి ఉత్తరాల పుస్తకం ఉన్నాయి. కానీ మొదటిదే కదలడం లేదు. మా రూంలో ఈ కథలు అందరికంటే ముందు విన్న పెద్దాయన సెలవు మీద వస్తున్నాడు, జనవరి 20కి తిరిగి వెళ్లిపోతాడు. ఆయన చేతిలో పుస్తకం పెట్టాలని నా ఆశ. పేజీల్లో పెట్టగానే అక్షరాలన్నీ చెదిరిపోతున్నాయి. ఫాంటు నాలుగుసార్లు మార్చాను. టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు.

పాత డీటీపీ:
ఏ సాఫ్ట్‌వేర్?

వేపచెట్టు నీడ:
బాబూ, అట్ట అచ్చుకి వెళ్లకముందే చెప్తున్నాను. పదిమంది రాసినవి ఒకచోట కూరిస్తే సంకలనం. ఒక్కరే రాసినవైతే సంపుటి. మీది సంపుటి. ఈ తేడా పాటించకపోతే రేపు లైబ్రరీలో పుస్తకం వెతికేవాళ్లకి మీరు రచయితో సంపాదకుడో అర్థం కాదు.

కృష్ణలంక పాఠకురాలు:
మాస్టారూ, సంపుటి అంటే వాల్యూమ్ కదా? మొదటి సంపుటి, రెండో సంపుటి అంటుంటాం.

వేపచెట్టు నీడ:
దానికి సంపుటం అనే మాట ఉందమ్మా. ఈ మధ్య రెండూ కలిపేస్తున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లైబ్రరీ మనిషి:
ఐఎస్‌బీఎన్‌కి అప్లై చేశారా? అదే, పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. దయచేసి మధ్యవర్తులకి డబ్బు కట్టకండి. నవలకి, ఉత్తరాలకి దేని నంబరు దానిదే. ఇంకో మాట, 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. చెన్నై కన్నెమరాకి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కొక్కటి. మనవాళ్లు చాలామంది పంపరు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే పుస్తకం దొరకాలంటే ఇదే దారి.

మస్కట్ మేడగది:
అన్నీ రాసుకున్నానండీ, కానీ ముందు అక్షరాల సంగతి చూడండి. ఇన్‌డిజైన్‌లో పెడుతున్నాను. వర్డ్‌లో బాగానే ఉన్నాయి.

పాత డీటీపీ:
ఇది మొదటే చెప్పాలి. 'స్త్రీ' అన్న మాట ఎలా కనిపిస్తోంది?

మస్కట్ మేడగది:
సకి పొల్లు, తకి పొల్లు, తర్వాత రీ. మూడూ విడివిడిగా.

పాత డీటీపీ:
ఫాంటు తప్పు కాదు. టెక్స్ట్ మొత్తం సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో 'వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' పెట్టండి. మామూలు కంపోజర్‌కి మన వత్తులు కలపడం రాదు.

కరీంనగర్ కోడలు:
అన్నా, నాదొక మాట. అట్ట మీద 'ప్రవాస' అని వేయకండి. అమెరికా పోతే ప్రవాసం అంటరు, గల్ఫ్‌కి పోతే వలస అంటరు. మా ఆయన దుబాయ్ పోయి ఆరేండ్లు. మమ్మల్ని ఎవరూ ప్రవాసులు అనలే.

కృష్ణలంక పాఠకురాలు:
అందుకే ప్రవాస అనే ఉంచాలండీ. ఆ మాట మీద మీకూ హక్కుంది.

కరీంనగర్ కోడలు:
హక్కు సంగతి కాదక్కా. వలస అంటే మా ఊళ్ల అందరికీ తెలుస్తది. ఆ మాట ఉంటే మావాళ్లు పుస్తకం చేతిలకు తీస్కుంటరు.

మస్కట్ మేడగది:
12 కథలు సరిపోయాయి!! కానీ రెండు అలాగే ఉన్నాయి. అవి వత్తులు విడిపోవడం కాదు, ఇంగ్లీషు అక్షరాలు, టోపీలు పెట్టిన గుర్తులు.

పాత డీటీపీ:
ఆ రెండూ ఎక్కడ టైపు చేయించారు?

మస్కట్ మేడగది:
మస్కట్ వెళ్లకముందు వైజాగ్ పోర్టులో పనిచేసిన రోజుల కథలు. ఒక డీటీపీ షాపులో చేయించాను.

పాత డీటీపీ:
అవి అను ఫాంట్లు అయ్యుంటాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, పైకి తెలుగు బొమ్మ కనిపిస్తుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి లైనూ చదవాలి. ముఖ్యంగా ఇంగ్లీషు మాటలు. 'ఫోర్క్‌లిఫ్ట్' అనేది 'ఫోర్క్లిఫ్ట్' అయిపోతుంది. కర్సర్ క్ తర్వాత పెట్టి, టైప్ మెనూలో స్పెషల్ క్యారెక్టర్స్‌లోంచి 'నాన్ జాయినర్' వేయండి, అక్షరాలు కలవకుండా ఆపుతుంది.

ప్రెస్ పక్కవాడు:
పేజీలు ఎన్ని?

మస్కట్ మేడగది:
163.

ప్రెస్ పక్కవాడు:
డెమ్మీ సైజు అయితే ఫారానికి, అంటే ఒక అచ్చు కాగితానికి, 16 పేజీలు. మూడు పేజీల కోసం ఇంకో సగం ఫారం ఖర్చు. 160కి దించండి.

మస్కట్ మేడగది:
కంపోజర్ మార్చకముందు 158 ఉండేవి. ఏ కథా కోయను, ముందుమాట తగ్గిస్తాను. ఫోర్క్‌లిఫ్ట్ 31 చోట్ల ఉంది, ఒక్కొక్కటే చూస్తున్నాను. పాత డీటీపీ గారూ, థాంక్సండీ. అట్ట డిజైన్ చేసే కుర్రాడు ఫోన్ చేస్తున్నాడు.

వేపచెట్టు నీడ:
అతనికి సంపుటి అని చెప్పండి బాబూ.

కరీంనగర్ కోడలు:
వలస గురించి కూడా.

గుంటూరు కవిత్వం:
నాకూ ఇదే సమస్య, కానీ పేజ్‌మేకర్‌లో. యూనికోడ్ పేస్ట్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఎవరైనా ఉన్నారా?