మంచు గోళం పందెం: ఎవరైనా తేల్చి చెప్పండి

మాది తిరుపతి. పోయిన ఆదివారం అలిపిరి దగ్గర టీ తాగుతూ మా బావ ఒక థియరీ ఎత్తుకున్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

1988లో ముగిసిన ‘సెయింట్ ఎల్స్‌వేర్’ అనే అమెరికన్ ఆసుపత్రి సీరియల్ చివరి ఎపిసోడ్‌లో టామీ అనే ఆటిజం ఉన్న పిల్లవాడు చేతిలో మంచు గోళం (స్నో గ్లోబ్, ఊపితే లోపల మంచు కురిసినట్టు కనిపించే గాజు బొమ్మ) పట్టుకుని చూస్తుంటాడు. లోపల ఆ ఆసుపత్రి బొమ్మే ఉంటుంది. అంటే కథంతా వాడి ఊహ. అందులోని ఒక డాక్టర్ పాత్ర తర్వాత ‘హోమిసైడ్’ అనే పోలీసు సీరియల్‌లో కనిపించింది. ‘హోమిసైడ్’లోని డిటెక్టివ్ మంచ్ ‘ఎక్స్-ఫైల్స్’ అనే ఇంకో సీరియల్‌కి వెళ్లాడు. కాబట్టి అవన్నీ కూడా టామీ ఊహేనట!

నాకిది ఒప్పడం లేదు. మా వీధి మా ఊహలోకి వస్తే వీధే ఊహ అయిపోతుందా? అతిథిగా ఒక పాత్ర వచ్చినంత మాత్రాన లోకాలు కలిసిపోవు కదా.

‘పోర్టల్’ గేమ్ సంగతి వేరు. ‘హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ టూ’ అనే మరో గేమ్‌లో చెప్పే బొరియాలిస్ అనే ఓడ, ‘పోర్టల్’ కథలోని అపర్చర్ అనే కంపెనీదే. ‘పోర్టల్ 2’లో ఓడ నిలిపే ఖాళీ డాక్ దగ్గర ఆ ఓడ పేరున్న లైఫ్‌బాయ్ (నీళ్లలో తేలే రక్షణ చక్రం) కూడా ఉంది. అది తయారీదారులే పెట్టిన లింకు.

ఇప్పుడు నా ప్రశ్న: ఇలా సృష్టికర్తలే కలిపిన వాటికీ, అభిమానులు అల్లిన వాటికీ గీత ఎక్కడ గీయాలి? బావ నోరు మూయించే ఉదాహరణ ఒక్కటి ఇవ్వండి. గేమ్ అయినా సరే, సీరియల్ అయినా సరే. ఓడిపోతే నేను నెలరోజులు ఎర్రకారం దోసె పెట్టించాలి, ప్లీజ్.