వేలిపై మానని గడ్డ: పరీక్షలో ఏమీ కనిపించకపోతే మైకోబాక్టీరియా లేనట్టేనా?

ప్రశ్న:
చేపల తొట్టి శుభ్రం చేస్తుండగా వేలికి గీసుకుపోయిన చోట లేచిన గడ్డ రెండు నెలలైనా మానలేదు. స్టెరాయిడ్ లేపనం రాస్తే ఎరుపు తగ్గినట్టే తగ్గి, ఇప్పుడు మోచేతి వైపు వరుసగా మరో మూడు గడ్డలు లేచాయి. బయాప్సీ ముక్కకు రంగు వేసి చూస్తే మైకోబాక్టీరియా (క్షయ కలిగించే సూక్ష్మజీవి కుటుంబానికి చెందినవి) కనిపించలేదన్నారు. ఇక ఆ అనుమానం వదిలేయవచ్చా?

జవాబు 1:
వదిలేయకూడదండి. చేపల తొట్టెల నీటిలో ఉండే మైకోబాక్టీరియం మరైనమ్ అనే రకం సోకిన గడ్డల్లో సూక్ష్మజీవులు చాలా తక్కువగా ఉంటాయి కనుక రంగు పరీక్షలో అవి దొరకకపోవడం మామూలే. కణజాలాన్ని కల్చర్‌కు (సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపేటప్పుడు చేపల తొట్టి సంగతి చీటీలో తప్పక రాయించండి. ఎందుకంటే ఈ జీవి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది, 37 డిగ్రీల వద్ద మాత్రమే ఉంచితే పెరగకపోవచ్చు. ఫలితానికి వారాలు పడుతుంది. స్పోరోట్రైకోసిస్ అనే శిలీంధ్ర వ్యాధి కూడా ఇలాగే వరుసగా పాకుతుంది కాబట్టి శిలీంధ్ర కల్చర్ కూడా అడగండి.

జవాబు 2:
స్టెరాయిడ్ వాపును అణచి రోగ లక్షణాలను మరుగుపరుస్తుందే తప్ప సూక్ష్మజీవిని చంపదు. దాన్ని ఆపడం గురించి వెంటనే చర్మవైద్యుణ్ణి అడగండి. మీరు వేరే మందులేమైనా వాడుతున్నారా?

ప్రశ్న అడిగినవారు:
కొలెస్ట్రాల్ కోసం సిమ్వాస్టాటిన్ వేసుకుంటున్నానండి.

జవాబు 2:
అది ముందే చెప్పాల్సిన సంగతి. ఈ వ్యాధికి తరచుగా ఇచ్చే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో దాన్ని కలిపి వాడకూడదు, కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇథాంబ్యుటాల్ అనే మందు కూడా ఇస్తే, అది చూపును దెబ్బతీయవచ్చు కనుక మొదలుపెట్టే ముందే కంటిచూపు, రంగుల గుర్తింపు పరీక్ష చేయించుకోండి.